మిరుగం దాటినంక కాశీ

"రోహిణి కార్తెల తోల్కపోతే ముసలోళ్లు తొవ్వలనే మాడిపోతరు. నీకు సమజైతలేదా?"

"మరి దీపావళి దాటినంక ఎవడొస్తడో నువ్వే చెప్పు అబ్బా! యార్డుకు వడ్లొస్తయి. హమాలీ ఒక్కడు గూడ కదలడు. ఖాళీ బస్సు తోల్కపోయి గంగల బస్సుకు తానం జేపిచ్చుకరా."

"జేపిస్త. బస్సన్న నా మాటింటది."

బస్సు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పెడుతున్న సునీల్‌కు నవ్వాగలేదు. అక్కడి నుంచి అతనికి రెండు జతల కాళ్లే కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ చెప్పులవి బాబా మియావి, బూట్లవి కొడుకు ముస్తకీమ్‌వి. ఆ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. కొట్లాటకు మాత్రం తండ్రీకొడుకులు తెలుగులోకి దిగుతారు. ఉర్దూలో తండ్రిని 'ఆప్' అనాలి, తెలుగులో అయితే 'నువ్వు' అని ఎంతసేపైనా గుంజుకోవచ్చు.

"ఇరువై ఏడేండ్ల సంది చలికాలం, చలికాలం అంటనే ఉన్నవు. చౌటుప్పల్‌ల కొత్త ట్రావెల్సోడు పన్నెండు నెలలూ తిప్పుతాండు. మనకే పంచాంగం గావాలె!"

"వాడు తిప్పుతడు. నేను తీస్కపోయినోళ్లను తిరిగి తీస్కొస్త. ఫరక్ లేదా?"

తేడా ఉంది. బాబా మియా బతుకంతా ఆ ఫరక్ మీదే నడిచింది. మోత్కూర్‌లో పుట్టి, లారీ క్లీనరై, డ్రైవరై, సోలాపూర్ దాకా ఉల్లిగడ్డ తోలిన మనిషి. ఒక యేడు ఊరివాళ్లకు కాశీ పోవాలని బుద్ధి పుట్టింది. హిందీ వచ్చిన మనిషి కావాలి. ఊళ్లో హిందీ వచ్చినవాడంటే ఉర్దూ మాట్లాడేవాడే. అట్లా ఒక సాయబు కాశీయాత్రకు పెద్దమనిషి అయ్యాడు. గుడి బయట కూర్చుని చెప్పులకు, సంచులకు కాపలా కాశాడే గాని లోపలి లింగం ఎట్లా ఉంటుందో అతనికి తెలియదు. ఏ గల్లీలో మెట్లు తక్కువో, ఏ సత్రంలో మోకాళ్ల నొప్పులవాళ్లకు కింది గది ఇస్తారో, ఘాటు మీద పూజలు చేయించే ఏ పండాతో ముందే మాట ఖాయం చేసుకోవాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అన్నిటికంటే ఎక్కువగా కాలం సంగతి చెబుతాడు. భాద్రపదంలో గంగ మెట్ల మీదికి వస్తుంది, వద్దు. పుష్యంలో పొగమంచు, ముందు పోయే లారీ కనపడదు, వద్దు. కార్తీక పున్నమి దాటాక పదిహేను రోజులు, మాఘంలో ఇరవై రోజులు, అంతే యాత్ర కాలం. మిగతా యేడాదంతా ఆ బస్సు పెళ్లిళ్లకు తిరిగేది.

బూట్లు రెండడుగులు ముందుకు వచ్చాయి. ముస్తకీమ్ గొంతు తగ్గింది.

"సరే, రోహిణిల వద్దు. మిరుగం దాటినంకనో?"

ప్లాస్టిక్ చెప్పులు కదలలేదు. బస్సు కింద గ్రీజు తుపాకీ పట్టుకున్న సునీల్ కూడా ఆగాడు. మిరుగం మంచి మాటే అనిపించింది.

ఈ ఊళ్లలో మృగశిర కార్తెను మిరుగం అంటారు. జూన్ మొదటి వారం దాటాక వస్తుంది. ఆ రోజు చేపలు తింటారు, ఇంగువ కలిపిన బెల్లం ఉండ మింగుతారు. ఎండాకాలం అయిపోయిందని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు, మిరుగం అనే మాటలోనే చల్లదనం ఉంది. ఎండాకాలం కోతకొచ్చే యాసంగి వడ్ల కొనుగోళ్లు అప్పటికి ముగుస్తాయి. మార్కెట్ యార్డు ఊడ్చినట్టు ఉంటుంది. హమాలీలకు యేడాది మొత్తంలో నడుం వాల్చే రోజులు అవే.

"మిరుగమైతే..." అన్నాడు బాబా మియా. "మిరుగమైతే ఫికర్ లేదు."

సునీల్ బయటికి దొర్లి లేచాడు. ఇరవై ఆరేళ్లవాడు. డిగ్రీ రెండో యేడులో కాలేజీ వదిలేశాడు. చౌటుప్పల్ మందుల కంపెనీలో బీహార్ కూలీలతో కలిసి డ్రమ్ములు మోసి నాలుగు ముక్కల హిందీ నేర్చాడు. అక్కడా నిలవలేక స్టీరింగ్ పట్టాడు. ఎక్కడా ఆర్నెల్లు కుదురుగా ఉండనివాడు ఈ బస్సు మీద మాత్రం మూడేళ్లు ఉన్నాడు. ఎందుకని అడిగితే, "చిచ్చా తిట్టిన తిట్లు మల్ల తిట్టడు, కొత్తయి తిడ్తడు" అనేవాడు.

"ఏమంటవ్ సునీలూ?" అన్నాడు బాబా మియా.

"నేనేమంట చిచ్చా? మంచిగుంటది, పోదాం."

ఆ మాట అన్నది తనే. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ మాటను ఇంకొకరి నోట్లో పెట్టలేకపోయాడు.

*

నలభై ఒక్క మంది పేర్లు రాయించారు. అందరూ హమాలీలు, వాళ్ల ఆడవాళ్లు. బాబా మియా పద్ధతి ఒకటుంది. ఎక్కినవాళ్లను ఇద్దరిద్దరిగా జోడీ కడతాడు. మొగుడూ పెండ్లాం, వదినా మరదలు, ఎవరైనా సరే. జోడీలో ఒకరికి రెండోవారే దిక్కు. బస్సు ఆగి మళ్లీ కదిలే ముందు అతను ఒక జోడీలో ఒకరి పేరు పిలుస్తాడు, వాళ్లు రెండోవారి చెయ్యి పట్టి ఎత్తి చూపాలి. చెయ్యి లేవకపోతే బస్సు కదలదు. ఇరవై ఏడేళ్లలో ఒక్క మనిషి తప్పిపోలేదు.

నలభై ఒకటో మనిషి పెద్దులు. అరవై రెండేళ్లు, యార్డులో ముప్పై ఏళ్లు బస్తా మోసిన మెడ. పెండ్లాం మైసమ్మ రావాల్సిందే గాని రెండు మేకలు ఈనే రోజుల మీద ఉన్నాయి, ఇంటి దగ్గర ఆగిపోయింది. పెద్దులుకు జోడీ లేకుండా పోయింది.

"ఏం బావా, నన్నొక్కన్ని జేసి కూసోబెడ్తవా?" అన్నాడు పెద్దులు. ఆయనా బాబా మియా చిన్నప్పటి నుంచి ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు.

"నువ్వు నాకు జోడి బావా. మన పెండ్లికి ఖాజీని పిలువాల్నో, అయ్యగారిని పిలువాల్నో చెప్పు."

"ఎవర్ని పిలిచినా మైసమ్మకు ఎరుక గాకుండ పిలువు. చీపురు పట్కొని ఉర్కొస్తది."

బస్సంతా నవ్వింది. మిరుగం పోయిన రెండో రోజు, సన్నటి వానలో బయల్దేరారు. మైసమ్మ కిటికీలో నుంచి ఇంగువ బెల్లం పొట్లం అందించి, "గంగ నీళ్లు మర్వకు. యార్డోళ్లందరికి పంచాలె" అంది.

ఆదిలాబాద్ దాకా వాన. నాగపూర్ దాటినాక మబ్బు పలచబడింది. జబల్‌పూర్ దాటేసరికి ఆకాశం తెల్లగా, నీళ్లింకిన సున్నంలా అయిపోయింది. బస్సు రేకు కాలి, పైన కట్టిన సామాను నుంచి ప్లాస్టిక్ వాసన వచ్చింది. కిటికీలు తీస్తే మంటగాలి, వేస్తే ఉక్క. హమాలీలు మాత్రం జోకులు ఆపలేదు. "ఏప్రిల్ నెలల యార్డుల లారీ నింపినోళ్లం, మాకు ఎండ జూపిస్తాండు గీ జబల్‌పూరోడు" అన్నాడు పెద్దులు.

రీవా తోవలో ఒక చాయ్ బండి దగ్గర ఆపారు. చాయ్ పోసే ముసలాయన బస్సులోంచి దిగుతున్న తలలను, తెల్లవెంట్రుకలను చూసి చేతిలో గిన్నె కింద పెట్టాడు. తలకు తడిగుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"ఈ కాలంలో వీళ్లను తీసుకుని ఎక్కడికి?" అని హిందీలో అడిగాడు.

"బనారస్."

"ఇక్కడ వాన రావడానికి ఇంకా పది పదిహేను రోజులుంది. లూ, ఆ నిప్పుల గాలి కొడుతున్నది. నిన్న ఈ రోడ్డు మీదనే ఇద్దరు పోయారు. వెనక్కు తిప్పుకుపోండి భాయీ."

బాబా మియాకు అంతా అర్థమైంది. పక్కన గ్లాసు పట్టుకున్న సునీల్‌కూ అర్థమైంది. మిగతా నలభై ఒక్క మందికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటాండు బావా?" అని పెద్దులు అడిగాడు.

బాబా మియా ఒక్క క్షణం సునీల్ వైపు చూశాడు. ఇరవై ఏడేళ్లు తను ఈ దేశాన్ని చలికాలంలోనే చూశాడు. ఇక్కడి జూన్‌ను ఎన్నడూ చూడలేదు. మిరుగం అంటే లోకమంతటా మిరుగమే అనుకున్నాడు. తన ఊరి పంచాంగాన్ని తీసుకొచ్చి వెయ్యి కిలోమీటర్ల అవతల పరిచాడు. ఆ సంగతి అతనికి ఆ చాయ్ బండి దగ్గరే తెలిసింది. తెలిసి కూడా, నలభై ఒక్క మంది మొహాల్లో కాశీ ఇంకొక్క పూట దూరంలో కనబడుతుంటే, ఈ మాట ఎట్లా అనడం?

"చక్కెర ఎక్కువెయ్యాల్నా, తక్కువెయ్యాల్నా అని అడుగుతాండు బావా."

"ఎక్కువెయ్యమను."

సునీల్ తల దించుకుని చాయ్ తాగాడు. బస్సు ఎక్కుతుంటే బాబా మియా మెల్లగా, "రెండు దినాలు. తానం, దర్శనం, వాపస్" అన్నాడు. "సరే చిచ్చా" అన్నాడు సునీల్.

*

కాశీలో రెండో రోజు. పొద్దు పొడవక ముందే స్నానం చేయించాడు. వరసలో నిలబడి దర్శనం అయ్యేసరికి పదకొండు దాటింది. గల్లీ రాళ్లు చెప్పుల్లోంచి కాలుస్తున్నాయి. సత్రానికి చేరగానే బాబా మియా మెట్ల మీద నిలబడి జోడీలను పిలిచాడు. ఒక్కో పేరుకు ఒక్కో చెయ్యి లేచింది. ఇరవై జోడీలు. అందరూ వచ్చినట్టే. తడిగుడ్డలు పంచి, కిటికీలకు నీళ్లతో తడిపిన దుప్పట్లు కట్టించి, ఎవరూ బయటికి పోవద్దని చెప్పి సత్రం వంట మనిషిని మజ్జిగ పొయ్యమన్నాడు.

ఇరవయ్యొకటో జోడీ తనది, దాన్ని పిలవలేదు. ఇరవై ఏడేళ్లలో అతనికి జోడీ ఎప్పుడూ లేదు. పిలిచేవాడిని పిలిచే అలవాటు ఎవరికీ లేదు.

రెండు గంటలప్పుడు మజ్జిగ గ్లాసు ఒకటి మిగిలింది. సునీల్ దాన్ని పట్టుకుని గదులన్నీ తిరిగి, "పెద్దులు పెద్దయ్య ఏడి చిచ్చా?" అన్నాడు.

బాబా మియా మొహం అప్పుడు ఎట్లా అయిందో సునీల్ ఎవరికీ చెప్పలేదు.

ఘాటు మెట్ల మీద దొరికాడు. రెండు డబ్బాల నిండా గంగ నీళ్లు పట్టుకుని పైకి వస్తూ సగంలో కూర్చుండిపోయాడు. గోడ నీడ ఆయనకు రెండు మూరల దూరంలో ఉంది. అక్కడిదాకా జరగలేకపోయాడు. ఒళ్లు పెనంలా ఉంది, ఒక్క చెమట చుక్క లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని వీళ్లను చూడలేదు. "లారీ ఎనుకకు రానియ్... ఇంక రానియ్... ఆపు, ఆపు!" అంటున్నాడు. తర్వాత కాళ్లు కొట్టుకున్నాయి. నోట్లోంచి నురగ వచ్చింది. సునీల్ భుజానికెత్తుకున్నాడు. జన్మంతా బస్తాలు మోసిన మనిషి అంత తేలిగ్గా ఉన్నాడు. దవాఖానలో మంచాలు లేవు, ఇట్లాంటివాళ్లే వరండా నిండా ఉన్నారు. ఐస్ గడ్డలు చంకల్లో పెట్టారు. ఆయన గంటన్నర అరిచాడు, గోళ్లతో నేలను గీరాడు, నాలుగింటికి పోయాడు.

మైసమ్మకు ఫోన్ చేసింది సునీలే. అవతల మేకలు అరుస్తున్నాయి. ఆమె, "తిప్పలవడ్డడా బిడ్డా?" అని అడిగింది.

సునీల్‌కు నోట్లోంచి వేరే మాట వచ్చింది. "లేదు పెద్దమ్మా. నిద్రవోయినట్టే పోయిండు. శివ శివ అనుకుంట."

శవాన్ని ఆ ఎండలో ఊరిదాకా తెచ్చే దారి లేదు. పెద్దులుకు కొడుకుల్లేరు. అదే వాడకట్టువాడని సునీల్ అగ్గి పెట్టాడు. బాబా మియా దూరంగా, మెట్ల పైన నిలబడి, ఎవరూ చెప్పకపోయినా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

*

మోత్కూర్‌లో తిట్లు పడతాయని, చెయ్యి కూడా చేసుకుంటారని అనుకున్నారు. బాబా మియా దానికి సిద్ధపడే దిగాడు. సిద్ధపడటమే కాదు, అది కావాలనుకున్నాడు.

ఎవరూ కొట్టలేదు. హమాలీ సంఘం పెద్ద భిక్షపతి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "బాబన్నా, ఏ జన్మల పుణ్యమో! కాశీల పానం విడిసిండంటే మాటలా? మనసొంటోళ్లకు దొరికేదా గది?"

"ఎండదెబ్బకు పోయిండు భిక్షపతీ. నేను కాలం జూడక తోల్కపోయిన. నాదే తప్పు."

"నువ్వు సాయబువి. గిది నీకు సమజ్ గాదు తియ్యి."

మూడో రోజుకు యార్డు గేటు మీద ఫ్లెక్సీ కట్టారు. పెద్దులు ఆధార్ కార్డు ఫోటో, వెనక గంగ, కింద 'కాశీక్షేత్రమున శివైక్యము'. ముప్పై ఏళ్లు బస్తా మోసినప్పుడు పేరు పెట్టి పిలవని కమీషన్ వ్యాపారులు కూడా ఆగి దండం పెట్టారు. మైసమ్మ సునీల్ తెచ్చిన డబ్బాల్లోని నీళ్లను ఉద్ధరిణతో ఇంటింటికీ పంచింది. ఆమె ఏడవలేదు. ఒంట్లో ఏదో వెలిగినట్టు తిరిగింది. బాబా మియా ఆమె గడపలోకి పోయి, "వదినే, నేను నా జోడీని మర్శిపోయిన" అన్నాడు. ఆమె అతనికి మంచం వాల్చి, "కూసో అన్నా. శివుడు పిలిస్తే నువ్వాపుతవా?" అని మంచినీళ్లిచ్చింది.

ఆ నీళ్లు తాగలేక అతను చాలాసేపు చెంబు పట్టుకుని కూర్చున్నాడు. శిక్ష వెయ్యరు, క్షమించరు కూడా. తప్పే లేదంటారు. లేని తప్పుకు క్షమాపణ ఎవరిస్తారు?

అతను మళ్లీ బస్సు ఎక్కలేదు. అంగట్లో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి, పెద్దులును కాశీ చేర్చినవాడని కాళ్లకు మొక్కబోయేవారు, అందుకని అంగడికీ పోవడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచేవాడని పెండ్లాం వజీరా చెప్పింది. సునీల్ కూడా నెల తిరక్కుండానే బస్సు తాళాలు ముస్తకీమ్‌కు ఇచ్చేసి చౌటుప్పల్‌లో కంపెనీ స్టాఫ్ బస్సుకు డ్రైవర్‌గా చేరాడు. మోత్కూర్ వైపు పోకపోతే మైసమ్మ ఎదురుపడదు. అదొక్కటే అతని ఆలోచన. పారిపోవడం అంటే అదే, ఇంకో పేరు లేదు.

*

మళ్లీ ఎండాకాలం వచ్చింది. మే నెల, రోహిణి ఇంకో వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం కంపెనీ గేటు ముందు చాయ్ హోటల్ బల్ల దగ్గర బాబా మియా కూర్చుని ఉన్నాడు. సునీల్ ముందు గుర్తుపట్టలేదు. చొక్కా భుజాల నుంచి జారుతున్నది.

"చిచ్చా! గింత ఎండల ఎందుకొచ్చినవ్?"

"ఆర్టీసీ బస్సుల వచ్చిన. నువ్వు ఫోన్ ఎత్తవు గదా."

సునీల్ ఎదురుగా కూర్చున్నాడు. ఎత్తని మాట నిజమే.

"ముస్తకీమ్ రెండు బస్సులు మాట్లాడిండు," అన్నాడు బాబా మియా. "మిరుగం దాటిన తెల్లారి. చలికాలంల పోదమంటే ఒక్కడు ఇంటలేడు. పెద్దులు పోయిన గడియల్నే పోవాలెనంట. డెబ్బై ఏండ్లోళ్లు గూడ పేర్లిస్తాండ్రు. వాపస్ రావాలెనని లేదు వాళ్లకు, ఒకామె సచ్చినంక కప్పనీకి తెల్లబట్ట గూడ సదురుకున్నది. నేను బస్సుకు అడ్డం పండుకుంట అంటే నా కొడుకు నవ్విండు."

"నువ్వు చెప్పినవా? ఎండ సంగతి?"

"పదిసార్లు. సాయబుకేం ఎరుక అంటరు. పెద్దులుకు నొప్పి గూడ తెల్వలేదంట, నిద్రల పోయిండంట. డ్రైవర్ పోరడే చెప్పిండు గదా అంటరు."

చాయ్ గ్లాసు మీద ఈగ వాలింది. సునీల్ దాన్ని చేత్తో తోలాడు.

"నేను మైసమ్మ పెద్దమ్మకు గట్ల చెప్పకపోతే ఆమె ఏమైపోతుండె చిచ్చా?" అన్నాడు సునీల్. "ఫోన్ల, ఒక్కతే ఉన్నది. నురుగొచ్చింది, గోళ్లతోని నేల గీరిండు అని చెప్పాల్నా? ఆమెకు మిగిలింది గదొక్కటే."

"ఎరుకే. నీ తప్పు అంటలేను. నేను చక్కెర గురించి అడుగుతాండన్న, నువ్వు నిద్ర గురించి చెప్పినవ్. ఇద్దరం మంచికే చెప్పినం." బాబా మియా జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎవరి నోట్‌బుక్‌లోంచో చింపిన పేజీ, పేర్ల వరస. "ముస్తకీమ్ రాసుకున్న బుక్కులకెల్లి చింపుకొచ్చిన. మొదటి పేరు చదువు."

సునీల్ చదివాడు. మైసమ్మ. పక్కన జోడీ పేరు రాసే చోట ఏమీ లేదు.

కంపెనీ సైరన్ మోగింది. షిఫ్టు దిగినవాళ్లు తలలకు రుమాళ్లు కట్టుకుని బస్సు వైపు వస్తున్నారు. సునీల్ లేవాలి, లేవలేదు. బాబా మియా బల్ల మీదుగా వంగి అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి పొడిగా, వేడిగా ఉంది.

"ఐతారం యార్డుల అందరు కూడుతరు బేటా. మైసమ్మ ముంగటనే కూసుంటది. నేను చెప్తే సాయబు మాట అయితది. నువ్వు ఆయనకు అగ్గి పెట్టినోనివి, నీ మాట ఇంటరు. వచ్చి ఆమె మొకం జూసి చెప్పు. పెద్దులు ఎట్ల సచ్చిండో, ఉన్నదున్నట్టు చెప్పు."